చైనాలో ఒకే పేరుతో ఇంతమంది మనుషులు, ఇన్ని కంపెనీలు ఉంటే ఎవరెవరో ఎలా తెలుస్తుంది?

మనుషుల సంగతి తొందరగా చెప్పేస్తాను, దానివల్ల నాకు వచ్చిన ఇబ్బందేమీ లేదు. కంపెనీల పేర్లతోనే నా జుట్టు నెరిసింది.

వాంగ్, లీ అనే ఇంటిపేర్లు చెరో పది కోట్ల మందికి ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం 8.46 కోట్లే. అంటే మన రెండు రాష్ట్రాల్లో పసిపిల్లలతో సహా అందరికీ ఒకటే ఇంటిపేరు పెట్టినా వాంగ్‌లను అందుకోలేం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా సెమీస్‌లో ఓడింది వాంగ్ యిహాన్ చేతిలో, కాంస్యం కోసం తలపడింది వాంగ్ షిన్‌తో. వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లని మా ఆఫీసులో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కాదు బాబూ, మన ఊళ్లో ఇద్దరు రెడ్లకు ఎంత చుట్టరికమో వాళ్లకూ అంతే.

ఇంటిపేరుతో పాటు అసలు పేరు కూడా కలిసిపోవడం ఇంకో రకం. టెన్నిస్‌లో 2011 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన లీ నా మీకు తెలిసే ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో డైవింగ్ స్వర్ణం గెలిచిన అమ్మాయి పేరూ లీ నానే. ఇక జాంగ్ వెయ్ అనే పేరు, అచ్చంగా అవే అక్షరాలతో, 2007 లెక్కల్లో దాదాపు 2,90,000 మందికి ఉంది. అయినా అక్కడ ఎవరూ కంగారుపడరు. ప్రతి మనిషికీ 18 స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో మొదటి ఆరు అంకెలు ప్రాంతం, తర్వాతి ఎనిమిది పుట్టిన తేదీ. బ్యాంకులో, రైల్వే టికెట్ దగ్గర పని జరిగేది దాంతోనే.

కంపెనీ పేరూ మనిషి పేరూ ఒకటే అయిన సందర్భం కావాలంటే దూరం వెళ్లక్కర్లేదు. 2019లో మన సింధు ఒప్పందం చేసుకున్న లీ నింగ్ అనే ఆటల బూట్లు, బట్టల కంపెనీ ఉంది కదా, అది 1984 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన జిమ్నాస్ట్ పేరు. 1990లో ఆయనే పెట్టాడు. ఆ పేరున్న మామూలు జనం ఎంతమంది ఆ బూట్లు వేసుకుని తిరుగుతుంటారో.

ఇప్పుడు నా గోడు. నేను బాలానగర్‌లో ప్యాకింగ్ మెషిన్ల విడిభాగాలు తెప్పించి అమ్మే చోట పర్చేజ్ చూస్తాను. మా సరుకులో ఎక్కువ భాగం చైనాలో వెన్‌జౌ దగ్గరున్న రుయాన్ అనే ఊరి నుంచి వస్తుంది. ఆ ఊళ్లో ప్యాకింగ్ మెషిన్లు చేసే కంపెనీలు లెక్కలేనన్ని. మేం ఎప్పుడూ కొనే ఫ్యాక్టరీ పేరు చెప్పను. ఒకసారి కటింగ్ బ్లేళ్లు, హీటర్లు ఆర్డర్ పెడితే ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అంటే డబ్బు కట్టేముందు పంపే బిల్లు, వచ్చింది. పేరు అదే, లోగో అదే, ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం తేడా లేదు. బ్యాంకు ఖాతా మాత్రం హాంకాంగ్‌లో. పంపినవాడు టోనీ. చైనా నుంచి మాట్లాడే సేల్స్‌వాళ్లలో సగం మంది టోనీలే, మిగతా సగం జాకీ, లూసీ. ఇంట్లో వాళ్ల పేరేంటో మనకు చచ్చినా తెలియదు.

మా సార్‌కి తొందర. "పేరు అదే కదయ్యా, ముప్పై శాతం అడ్వాన్స్ కొట్టేయ్, సీజన్ పోతుంది" అన్నారు. నేను కొట్టలేదు. చైనీస్ అక్షరాల్లో ఉన్న వ్యాపార లైసెన్స్ కాపీ పంపమని టోనీకి మెయిల్ పెట్టాను. రెండు రోజులు నాన్చి పంపాడు. పాత ఇన్‌వాయిస్ మీద ఉన్న ఎర్రటి గుండ్రని ముద్ర, అదే, మధ్యలో నక్షత్రం గుర్తు ఉంటుంది, అంచు చుట్టూ కంపెనీ పేరు ఉంటుంది, దాన్ని పెద్దది చేసి ప్రింట్ తీసుకున్నాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, స్కేలు అడ్డం పెట్టి, ఒక్కో అక్షరం బొమ్మలా పోల్చుకుంటూ పోయాను. నాకు చైనీస్ ఒక్క ముక్క రాదు. రావక్కర్లేదు కూడా. మూడో అక్షరం వేరుగా ఉంది.

పలికేటప్పుడు రెండిటికీ తేడా స్వరంలోనే, అంటే గొంతు ఎత్తుపల్లాల్లోనేనట. ఇంగ్లీషులో రాస్తే అసలు తేడా ఉండదు, ఎందుకంటే చైనీస్ పలుకులోని స్వరం ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో పడదు. వాళ్ల పాస్‌పోర్టుల మీదా ఇదే తంతు, వేర్వేరు ఇంటిపేర్లవాళ్లు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకటే అయిపోతారు.

అప్పుడు పాత మెషిన్ ప్లేటు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. ఎక్స్‌పోర్ట్ చూసే మేడమ్ ఎత్తింది. "మాకు హాంకాంగ్ ఖాతా లేదు. టోనీ మా దగ్గర మానేసి చాలా రోజులైంది, సొంతంగా పెట్టుకున్నాడు" అంది. కస్టమర్ల లిస్టు కూడా పట్టుకుపోయాడన్నమాట. మా సార్ మాత్రం నన్ను మెచ్చుకోలేదు. "ఇంకో వారం ఆలస్యమైంది" అని గొణిగారు. సరే, ఆయన డబ్బు, ఆయన గొణుగుడు.

చైనాలో కంపెనీ పూర్తి పేరులో వరసగా నాలుగు ముక్కలుంటాయి: ఊరు లేదా రాష్ట్రం, సొంత పేరు, చేసే వ్యాపారం, చివర్న కంపెనీ రకం. ఒకే రిజిస్ట్రేషన్ ఆఫీసు కింద, ఒకే వ్యాపారంలో రెండోవాడికి ఆ సొంత పేరు ఇవ్వరు. పక్క ఊళ్లోనో, వేరే వ్యాపారంలోనో అయితే దొరకొచ్చు. అందుకే గ్రేట్ వాల్ పేరుతో కార్ల కంపెనీ ఒకటి, వైన్ ఇంకొకటి, ఒకదానికొకటి సంబంధం లేకుండా బతికేస్తున్నాయి. హాంకాంగ్ రిజిస్టరు అసలు వేరు, అక్కడ ఎవరైనా అదే ఇంగ్లీషు పేరుతో కంపెనీ తెరుచుకోవచ్చు. పైగా చైనా లైసెన్స్ మీద ఉండేది చైనీస్ పేరే. మనకు పంపే ఇంగ్లీషు పేరు వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నది, ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా రాసినా అడిగే నాథుడు లేడు. నన్నడిగితే దిగుమతి కాగితాల మీద ఇంగ్లీషు పేరునే నిషేధించాలి.

మన బ్యాంకులవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. అసలు కంపెనీ అదేనా కాదా అని ఒక్కరూ అడగరు. కంపెనీ పేరు చివర వచ్చే 'కో., లిమిటెడ్'లో 'కో.' తర్వాత కామా లేదని మాత్రం ఫారం వెనక్కి పంపిస్తారు. ఓసారి కామా కోసం సాయంత్రం దాకా కౌంటర్ దగ్గర నిలబెట్టారు.

2020 జూన్‌లో మన ప్రభుత్వం వీచాట్‌ను, అంటే చైనావాళ్ల వాట్సాప్ లాంటి దాన్ని, ఆపేశాక తలనొప్పి ఎక్కువైంది. అంతకుముందు వీడియో కాల్ పెట్టి, ఫ్యాక్టరీ లోపల తిప్పి, గోడ మీద తగిలించిన లైసెన్స్ చూపించమనేవాణ్ని. వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయదు. ఇప్పుడంతా మెయిళ్లే, మెయిల్లో ఎవడైనా ఎవడిలాగైనా ఉండొచ్చు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: 2015 అక్టోబరు నుంచి అక్కడి కంపెనీలకు కూడా మనుషుల్లాగే 18 స్థానాల కోడ్ ఇస్తున్నారు, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి ఉంటాయి. లైసెన్స్ కాపీ మీద అది కనిపిస్తుంది. దాన్ని వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో గానీ, తియాన్యాంచా లాంటి ప్రైవేటు సైట్‌లో గానీ వెతికితే కంపెనీ ఎప్పుడు పుట్టింది, చట్టప్రకారం దాని తరఫున నిలబడే మనిషి ఎవరు అన్నీ వస్తాయి. భాష రాకపోతే ఫోన్‌లో అనువాదం ఉంది, ఆ మాత్రం చాలు. ఖాతాదారు పేరు లైసెన్స్ మీది పేరుతో కలవకపోతే, అమ్మేవాడు ఎంత మంచివాడైనా, మీ ఓనరు ఎంత తొందరపెట్టినా, పంపకండి. టోనీ ఇప్పటికీ దీపావళికి నాకు గ్రీటింగ్ మెయిల్ పెడతాడు, కింద కొత్త రేట్ల లిస్టుతో సహా. రేట్లు నిజంగానే తక్కువ, అదే బాధ.