మిలిటరీ తాతగారి జీవితం రాయాలంటే ముందు ట్రంకు పెట్టె తెరవండి

"తాతగారు 1971 యుద్ధంలో ఉన్నారు. ఆ కబుర్లు ఎప్పుడూ చెప్పేవారు కాదు. ఈమధ్యే ఎనభై ఏడో ఏట పోయారు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు.

ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టండి, యుద్ధం నుంచి మాత్రం వద్దు. ఆ భారత్-పాక్ యుద్ధం 1971 డిసెంబరు 3న మొదలైంది. 16న ఢాకాలో పాక్ సేనల లొంగుబాటు, 17న పశ్చిమాన కాల్పుల విరమణ. గట్టిగా లెక్కేస్తే రెండు వారాలు. ఆయన బతికింది ఎనభై ఏడేళ్లు. ఇలాంటి స్మృతి పుస్తకాల్లో సగం పేజీలు ఆ రెండు వారాలకే పోతాయి, అదీ ఇంటర్నెట్లోంచి ఎత్తి రాసింది. మిగిలిన బతుకంతా "అనంతరం ప్రశాంత జీవనం గడిపారు" అన్న ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ముగ్గురు పిల్లల్ని చదివించి, ఇల్లు కట్టి, పెళ్లిళ్లు చేసిన మనిషికి ప్రశాంత జీవనం ఎక్కడిదండీ!

ఇంట్లో నల్ల రేకు ట్రంకు ఉండే ఉంటుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు, దిగాల్సిన రైల్వే స్టేషను రాసి ఉంటాయి. గదిలో లైటు తీసేసి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. ప్రమోషన్ వచ్చినప్పుడు పాత అక్షరాల మీద నల్ల రంగు పూసి కొత్త ర్యాంకు రాయించుకునేవారు. అడుగు రంగు సన్నగా ఉబ్బి కనబడుతుంది. హవల్దార్ కింద నాయక్, నాయక్ కింద లాన్స్ నాయక్. స్టేషను పేరు కూడా మారి ఉంటే కుటుంబం ఎప్పుడో ఊరు మారిందన్నమాట. ఉప్పుకాగితంతో రుద్దడం, థిన్నరు పుయ్యడం లాంటి పనులు చెయ్యకండి, పై పొరతో పాటు కింది పొరా పోతుంది. ఫొటో తీసి ఫోన్లో కాంట్రాస్టు పెంచితే చాలు. పెట్టె మీద ఒక నంబరు, కాగితాల్లో "జేసీ"తో మొదలయ్యే ఇంకో నంబరు కనిపిస్తే కంగారు పడకండి. జేసీ అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు, నాయబ్ సుబేదార్ అయ్యాక ఆ కొత్త నంబరు ఇస్తారు. రెండు నంబర్లూ ఆయనవే.

తర్వాత డిశ్చార్జ్ బుక్, అంటే సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం. జవాన్లకైతే అదే అన్నిటికీ మూలం. చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, చదువు, పతకాలు, భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు అన్నీ ఉంటాయి. బయటికొచ్చిన కారణం గడి చదవకుండా వదలొద్దు. ఒప్పుకున్న కాలం పూర్తయి వచ్చారా, సొంత కోరిక మీద ముందే వచ్చారా, మెడికల్ కేటగిరీ తగ్గి పంపించారా అన్నది అక్కడ తేలుతుంది. సొంత కోరిక మీద అని ఉంటే ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో ఆరా తియ్యండి. తండ్రి మంచాన పడటమో, పొలం తగాదానో, పెళ్లికెదిగిన చెల్లెలో, ఏదో ఒకటి ఉంటుంది. మీ పుస్తకానికి అసలు అధ్యాయం అదే కావచ్చు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది పేరు. మన పేర్లు అక్కడి గుమస్తాల చేతిలో నానా రకాలుగా విరుగుతాయి. ఇంటిపేరు ఎగిరిపోతుంది, వెంకట నాగేశ్వరరావు కాస్తా ఉత్త "రావు" అవుతాడు. రెండోది పుట్టినరోజు. బడిలో వేసిన తేదీయో, భర్తీ అప్పుడు ఉజ్జాయింపుగా వేసిన తేదీయో రికార్డులో ఉంటుంది. ఇంట్లో వాళ్లు చెప్పే తిథి వేరు. రెండూ రాయండి, ఏది ఎక్కడిదో చెప్పండి. ఒకటి తప్పని కొట్టేయకండి.

పతకాలకొస్తే, దయచేసి చింతపండుతో తోమకండి, బ్రాసో పాలిష్ పెట్టకండి. గుండ్రటి పతకం అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. నాలుగుసార్లు మెరుగు పెడితే అవి అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి అంచు చుట్టూ తిప్పుతూ చదవండి. అక్కడున్న ర్యాంకు పతకం ఇచ్చిన నాటిది, రిటైరైన నాటిది కాదు. 1971కి సంబంధించి మూడు గుర్తుపెట్టుకోండి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగం. పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే దాన్ని బట్టి ఏ రంగమో తేల్చలేం. 1965కీ అదే పద్ధతి. సమర్ సేవా స్టార్ రంగంలో ఉన్నవారికి, రక్షా మెడల్ సర్వీసులో ఉన్నవారికి. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న పట్టీ ఉంటే దాన్ని వదలకండి. జమ్ము కాశ్మీర్, హిమాలయ, నెఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) అని ఉంటుంది. యుద్ధం లేని రోజుల్లో మంచులో గడిపిన ఏళ్లు ఆ పట్టీలో ఉన్నాయి, వాటి గురించి ఎవరూ అడగరు.

స్టార్ లేదని చిన్నబుచ్చుకునే మనవళ్లుంటారు. ఎందుకో అర్థం కాదు. లారీ నడిపినవాడు, వైర్‌లెస్ పట్టుకున్నవాడు, బండి ఇంజను బాగుచేసినవాడు, లంగర్లో (సైనిక వంటశాలలో) రొట్టెలు కాల్చినవాడు లేకపోతే ముందు వరసలో ఉన్నవాడు మూడు రోజులు నిలబడలేడు. ఆయన సికింద్రాబాద్ ఈఎంఈలో (సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో) మెకానిక్ అయితే మెకానిక్ అనే రాయండి. ఏ బండ్లు బాగుచేశారో రాయండి. ట్యాంకు ఎక్కించకండి.

ఇక ఉత్తరాలు. పాత ఇళ్లలో కాగితాలన్నీ ఒక ఇనుప తీగకి గుచ్చి దూలానికి వేలాడదీసేవారు కదా, అది ఎవరైనా పారేశారేమో ముందు కనుక్కోండి. అందులో కరెంటు బిల్లులు, పన్ను రసీదుల మధ్య మనియార్డరు కూపన్లు ఉంటాయి. డబ్బు ఇచ్చాక అప్పట్లో పోస్టుమాన్ చింపి ఇచ్చిన చిన్న ముక్క. నాలుగు లైన్లు రాసేంత చోటు. "క్షేమం. ఎరువుకి యాభై ఉంచి మిగతాది అమ్మకి ఇవ్వు. పాపకి జ్వరం తగ్గిందా" అన్నంత వరకే పడుతుంది. వాటిని తీగ మీదున్న వరస చెడకుండా తీసి, తేదీల ప్రకారం నేల మీద పరవండి. 1971 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు అలా పేర్చుకుంటూ వెళ్తే ఒకచోట చేతిరాత ఆగిపోతుంది. డబ్బు మాత్రం వస్తూనే ఉండొచ్చు, కూపన్ మీద రాసే చోటు ఖాళీ. జీతంలో కొంత నేరుగా ఇంటికి వెళ్లేలా ఫ్యామిలీ అలాట్‌మెంట్ రాసిస్తే అప్పట్లో అకౌంట్స్ ఆఫీసే పంపేసేది, ఆయన చెయ్యి పడేది కాదు. ఆ ఖాళీ కూపన్ అందుకున్న ఇల్లాలికి డబ్బు ముట్టింది, మనిషి ఎలా ఉన్నాడో తెలియలేదు. మళ్లీ చేతిరాత కనబడిన కూపన్ తేదీ చూడండి. ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో, మీ ఇంటికి యుద్ధం అన్ని రోజులు జరిగింది. పద్నాలుగు రోజులు కాదు.

ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు. 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే తూర్పు వైపు, 56 ఏపీఓ అని ఉంటే ఉత్తర, పశ్చిమాల వైపు. ముద్రలో ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) అంకె ఉంటే రాసిపెట్టుకోండి, అది ఊరి నంబరు కాదు, ఆ తపాలా ఆఫీసు దళంతో పాటే కదులుతుంది. సైనిక తపాలా ముద్రలు సేకరించేవాళ్లు దాన్ని బట్టి ఏ దళమో చెప్పగలరు. స్టాంపు కోసం ఆ మూల కత్తిరించిన మహానుభావులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, వాళ్లని ఏమీ చెయ్యలేం.

పోస్టింగుల వరస తెలియకపోతే పిల్లల టీసీలు తియ్యండి. కుటుంబాన్ని తీసుకెళ్లగలిగేది పీస్ స్టేషనుకే, అంటే సరిహద్దుకి దూరంగా ఉన్న ప్రశాంతమైన చోటికే. కేంద్రీయ విద్యాలయం టీసీలో ఊరు, చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి. మధ్యలో రెండేళ్లు మీ ఊరి పంచాయతీ బడిలో చదివారంటే తండ్రి ఫీల్డులో, అంటే కుటుంబాన్ని తీసుకెళ్లలేని చోట ఉన్నట్టు. ఇది రికార్డ్స్ ఆఫీసు జవాబు కన్నా త్వరగా తేలే పని.

రికార్డ్స్ ఆఫీసుకి కూడా రాయండి, కానీ సరైన చోటికి. మద్రాస్ ఇంజనీర్లవి బెంగళూరు, ఆర్టిలరీవి నాసిక్ రోడ్, ఈఎంఈవి సికింద్రాబాద్, సిగ్నల్స్‌వి జబల్‌పూర్. నంబరు, ర్యాంకు, పేరు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకలు, మరణ ధ్రువపత్రం, మీ బంధుత్వానికి రుజువు జతచెయ్యండి. ఢిల్లీకి రాస్తే అటూ ఇటూ తిరిగి నెలలు పోతాయి. పెన్షన్ లేకుండా వచ్చేసినవారి దస్త్రాలు పాతికేళ్ల తర్వాత తీసేసే నియమం ఉంది, పెన్షన్‌దారులవి ఇంకా చాలాకాలం ఉంటాయి. దరఖాస్తు రాయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

నానమ్మగారు ఉన్నారా? అయితే ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. "యుద్ధం అప్పుడు ఎలా ఉండేది నానమ్మా" అని అడిగితే "ఏముందిరా, భయంగా ఉండేది" అంటారు, అక్కడితో సరి. రేడియో ఎవరింట్లో వినేవారు, తాత సెలవుకి ఏ రైలు దిగేవారు, స్టేషను నుంచి ఎలా వచ్చేవారు, ట్రంకు ఎవరు మోసేవారు, పెట్టెలోంచి ముందు ఏం తీసేవారు, ఇలా అడగండి. విశాఖలో ఉన్నవాళ్లయితే పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగిన ఆ డిసెంబరు 3 రాత్రి గురించి, ఆ రోజుల్లో కిటికీలు ఎలా మూసుకున్నారో అడగండి. గంటకి మించి కూర్చోబెట్టకండి. మాటలు ఫోన్లో రికార్డు చెయ్యండి, ఆ ఫైలుకి తేదీ పెట్టండి.

సైన్యం తర్వాతి నలభై ఏళ్లకీ కాగితాలున్నాయి. బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేసి ఉంటే నియామక పత్రం, మాజీ సైనికుల కోటాలో భూమి వస్తే అసైన్‌మెంటు పట్టా, ఇంటి ప్లాను, కూతురి శుభలేఖ. తేదీలు పక్కపక్కన పెడితే ఏ డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఫ్లెక్సీ వేసేవాళ్లు "అమరవీరుడు" అని వేస్తారు, ఒప్పుకోకండి. ఆ మాట పోరులో ప్రాణం పోయినవారిది. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నవి కూడా వారి పేర్లే, అక్కడ తాతగారి పేరు వెతక్కండి. మాజీ సైనికుడు అంటే చాలు. ఇంటర్నెట్లో దొరికిన తుపాకీ బొమ్మ అట్ట మీద వేయించకండి, ఆయన రెజిమెంటు చిహ్నం వేరే అయ్యుంటుంది. డిశ్చార్జ్ బుక్ స్కాన్ చేయించి, ఒరిజినల్ అదే రోజు ఇంటికి తెచ్చేయండి. డీటీపీ షాపులో వదిలేస్తే దొరకదు. నానమ్మగారి పేరు, పుట్టిన తేదీ అందులో ఉన్నవీ ఆధార్‌లో ఉన్నవీ కలుస్తున్నాయో లేదో ఆ చేత్తోనే చూసుకోండి, తేడా ఉంటే ఆవిడ ఫ్యామిలీ పెన్షన్ దగ్గర చిక్కొస్తుంది. పుస్తకం ఒక నెల ఆలస్యమైనా ఈ పని ముందు చెయ్యండి.