మీ నాన్న బాగున్నప్పుడే ఆయన లెక్కలు రాసిపెట్టుకో

చిట్టీ,

నువ్వు రాత్రి పంపిన రిపోర్టుల ఫొటోలన్నీ చూశానమ్మా. లావు అక్షరాల్లో పడిన ప్రతి నంబర్ కిందా గీత గీసి ఇది ప్రమాదమా, ఇది ప్రమాదమా అని అడిగావు. వాటి గురించి డాక్టర్ ఎలాగూ చెప్తారు, నేను మాత్రం 31 ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేసి నేర్చుకున్న ఒక్క సంగతి చెప్తా. మీ నాన్న ఒంట్లో బాగున్నప్పుడు నాడి ఎంత, బీపీ ఎంత, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తారు, కాళ్ళు ఎలా ఉంటాయి, ఇవి నీకు తెలిసుండాలి. బాగున్నప్పటి లెక్క తెలియకపోతే బాగోలేనప్పుడు ఏం చూసినా అర్థం కాదు.

మీ తాతయ్య విషయంలో నాకే దెబ్బ తగిలింది. మందులు వేసుకుంటున్నా ఆయన బీపీ ఎప్పుడూ 150 దగ్గరే ఉండేది. ఒకరోజు నీరసంగా ఉందంటే చూశా, 110/70 వచ్చింది, హమ్మయ్య ఇన్నాళ్ళకి దారికొచ్చింది అని ఇంట్లో అందరం సంతోషించాం, నేను కూడా. గంట తర్వాత మంచినీళ్ళు ఇద్దామని చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిగా ఉంది, నాడి 116, సన్నగా దారంలా తగులుతోంది. అప్పుడడిగా విరేచనం ఎలా అవుతోంది నాన్నా అని. రెండ్రోజులుగా నల్లగా తారులా అవుతోందిట, చెప్పడానికి మొహమాటపడ్డారు. మోకాళ్ళ నొప్పికని సొంతంగా వేసుకున్న పెయిన్‌కిల్లర్లు కడుపులో పుండు చేశాయి, లోపల రక్తం కారుతోంది. రక్తం తగ్గేకొద్దీ ఉన్న కాస్తనే ఒళ్ళంతా తిప్పాలని గుండె జోరుగా కొట్టుకుంటుంది, చర్మానికి వెళ్ళేది తగ్గించి ఒళ్ళు ఆ రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్ళిస్తుంది, చేతులు చల్లబడేది అందుకే. వెంటనే తీసుకెళ్ళాం, రక్తం ఎక్కించారు, బతికారు. ఎవరికైనా 110/70 మంచి బీపీయే, ఆ రోజు ఆయనకి మాత్రం కాదు. పోయిన ఆ గంట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఐరన్ మాత్రలకి కూడా విరేచనం నల్లగా అవుతుందిలే, కానీ తారులా జిగురుగా, దుర్వాసనతో ఉంటే మాత్రం ఆగకూడదు.

నాడి చూడ్డం పెద్ద విద్యేం కాదు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించు, నీ బొటనవేలితో మాత్రం చూడకు, దానిలో నీ నాడే కొట్టుకుంటుంటే అదే లెక్కపెట్టేస్తావు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేసే అలవాటు వద్దు, నిమిషం మొత్తం చూడు. పెద్దవాళ్ళకి కదలకుండా కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉంటుంది. సంఖ్య కంటే తాళం ముఖ్యం, ఓసారి తొందరగా ఓసారి ఆలస్యంగా అడ్డదిడ్డంగా కొట్టుకుంటే ఈసీజీ తీయించాలి, ఎందుకంటే అలాంటి గుండెలో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ మెదడుకి వెళ్ళే ప్రమాదం ఉంది.

ఊపిరి లెక్క ఎవరూ పట్టించుకోరు, నాకు దాని మీదే ఎక్కువ నమ్మకం. నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని ఉండి, ఆయనకి చెప్పకుండా ఛాతీ లేవడం పడడం చూసి లెక్కపెట్టు, చెప్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. 12 నుంచి 20 మామూలు. ఎప్పుడూ 14 ఉండే మనిషి ఊరికే కూర్చుని 26 తీస్తుంటే జ్వరం లేకపోయినా సరే లోపల ఏదో జరుగుతోందనే. పెద్ద వయసులో ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు, మాట పొంతన లేకపోవడం, మగతగా ఉండడం, అంతే కనబడుతుంది.

బీపీ చూసే ముందు 5 నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆన్చి ఊరికే కూర్చోబెట్టు. మూత్రం ఆపుకుని ఉన్నా, మాట్లాడుతున్నా, పట్టీ చేతికి బిగుతుగా చిన్నదైనా ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి.

షుగర్‌లో మీరంతా ఎక్కువకే భయపడతారు, నిమిషాల మీద మనిషిని పడేసేది తక్కువ. ఒళ్ళంతా చెమటలు, వణుకు, చిరాకు, వింతగా మాట్లాడ్డం కనబడితే వెంటనే చూడు, 70 కంటే తక్కువుంటే మూడు చిన్న స్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్ళీ చూడు. మెషిన్ దగ్గర లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకు, ముందు ఇచ్చెయ్. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అంబులెన్స్‌కి చెయ్యి. ఇంకోటి, కొన్ని రకాల బీపీ మాత్రలు గుండెదడనీ వణుకునీ కనబడనివ్వవు, చెమట మాత్రం పడుతుంది, మీ నాన్నకి అలాంటిది ఉందేమో డాక్టర్‌ని అడుగు.

షుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు కూడా నొప్పి లేకుండా రావచ్చు, అకస్మాత్తుగా ఆయాసం, చల్లటి చెమట, వాంతి వచ్చేలా ఉండడం, దవడ లాగడం. గ్యాస్ అనుకుని పడుకోబెట్టొద్దు. మూతి ఒకవైపు జారినా, రెండు చేతులూ చాపమంటే ఒకటి కిందికి వాలిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, ముందు గడియారం చూడు. చివరిసారి బాగున్నది ఎన్నింటికో ఆ టైమ్ రాసుకో, గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఆ టైమ్ నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, డాక్టర్లు నిన్ను మొదట అడిగేది అదే. కాసేపటికి తగ్గిపోయినా తీసుకెళ్ళాల్సిందే. నాకు ఫోన్ తర్వాత చేద్దువుగాని, ముందు అంబులెన్స్‌కి.

కాళ్ళు రోజూ చూడు. ముందెముక మీద బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి తీస్తే సొట్ట అలాగే నిలిచిపోతే నీరు చేరినట్టే, గుండె, కిడ్నీ, లివర్, కొన్ని మందులు, ఏదైనా కారణం కావచ్చు. రెండు కాళ్ళూ వాస్తే డాక్టర్‌కి చూపించు, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిగా వేడిగా ఉంటే ఆ రోజే వెళ్ళాలి, రుద్దకూడదు, మర్దన చెయ్యకూడదు, లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకి పోతుంది.

ఇవన్నీ ఒక్కరోజులో రావు. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, టైమ్, నాడి, ఊపిరి, బీపీ ఓ వారం పాటు రాయి. రేపు పొద్దున మీ నాన్న లేచి కాసేపు కూర్చున్నాక నిమిషం లెక్కపెట్టి ఆ మొదటి నంబర్ నాకు పంపు.

మీ పెద్దమ్మ