మేం ఓటే వేయని బిడ్ లెవీ మేమెందుకు కట్టాలి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఒక టౌన్ సెంటర్‌లో మా దంపతులం టిఫిన్ సెంటర్ పెట్టి ఎనిమిది నెలలైంది. లీజు మా కంపెనీ పేరు మీద ఉంది. బిజినెస్ రేట్స్ (షాపు మీద పడే ఆస్తి పన్ను) కాకుండా ‘బిడ్ లెవీ’ అంటూ కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) నుంచి ఇంకో బిల్లు వచ్చింది, 360 పౌండ్లు. అడిగితే, ఇక్కడి వ్యాపారులే ఓటు వేసి పెట్టుకున్నారని చెప్పారు. ఆ ఓటింగ్ మేం రాకముందు, రెండేళ్ల కిందట అయిపోయిందట. వీధులు ఊడ్చడం కౌన్సిల్ పని కాదా? పక్క షాపాయన “నేను కట్టను, ఏం చేస్తారో చూద్దాం” అంటున్నారు. మేమూ ఆపేయొచ్చా? అసలు దీనివల్ల మాకు ఒరిగేదేమిటి?
– ఒక పాఠకుడు

జవాబు: మీకు రుచించని మాట ముందే చెప్పేస్తాను. కట్టాల్సిందే. బిడ్ అంటే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, ఒక ప్రాంతపు వ్యాపారులంతా డబ్బు వేసుకుని అక్కడ అదనపు సేవలు చేయించుకునే ఏర్పాటు. 2003 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం నాలుగో భాగం, దాని కింద ఇంగ్లండ్‌కి 2004లో వచ్చిన నిబంధనలు దీనికి ఆధారం. ఓటింగ్ నెగ్గిందంటే, ఆ హద్దుల్లో లెవీ వర్తించే ప్రతి షాపు మీదా అది పడుతుంది. ఓటింగ్ రోజున షాపులో ఎవరున్నారు, ఎటు వేశారు అన్నది ఎవరూ చూడరు. షాపుకి ఇప్పుడు రేట్స్ ఎవరు కట్టాలో లెవీ కూడా వాళ్లే కట్టాలి. మన వర్తక సంఘం చందాలా, ఇష్టముంటే ఇస్తాం లేకపోతే లేదు అనడానికి వీల్లేదు.

పక్క షాపాయన ధైర్యం మీకు అంటకుండా చూసుకోండి. లెవీ వసూలు చేసేది కౌన్సిల్. ఎగ్గొడితే బిజినెస్ రేట్స్ బాకీకి పట్టే గతే దీనికీ పడుతుంది. ముందు రిమైండర్, తర్వాత సమన్లు, మేజిస్ట్రేట్ కోర్టులో లయబిలిటీ ఆర్డర్ (బాకీ మీరు కట్టాల్సిందేనన్న ఉత్తర్వు), ఆపైన సామాను జప్తు చేసే ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్లు. మెట్టు మెట్టుకీ ఖర్చులు తోడవుతాయి. కోర్టులో “బిడ్ వాళ్లు ఏమీ చేయడం లేదండీ” అంటే చెల్లదు. ఆ తేదీన షాపు మా చేతిలో లేదు, ఇదివరకే కట్టేశాం, బిల్లు సక్రమంగా ఇవ్వలేదు... చెల్లేవి ఇలాంటివే.

ఆ మొదటి మాట మీకు పనికిరావచ్చు. మీరు షాపు తీసుకుని ఎనిమిది నెలలే అయింది కాబట్టి, మీ బిడ్ నిబంధనల్లో ‘ఛార్జబుల్ డే’ గురించి ఏం రాసుందో చూడండి. కొన్ని బిడ్‌లలో లెవీని రోజుల లెక్కన పంచుతారు. మరికొన్నిట్లో ఏడాదిలో ఒక తేదీ పెట్టుకుంటారు, ఆ రోజున రేట్స్ ఎవరి పేరున ఉంటే ఏడాది మొత్తం వాళ్లదే. మీది రెండో రకమై, ఆ తేదీ మీ లీజుకి ముందుదైతే ఆ ఏటి బిల్లు పాత అద్దెదారుదే అవుతుంది. అలాగే చిన్న వ్యాపారాలకి రేట్స్ తగ్గించే ‘స్మాల్ బిజినెస్ రేట్ రిలీఫ్’ వస్తే లెవీ కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. రెండూ వేర్వేరు. ఓటింగ్‌కి పెట్టిన బిడ్ ప్రతిపాదనలోనే చిన్న షాపులకి మినహాయింపు రాసి ఉంటేనే వర్తిస్తుంది. మీ 360 పౌండ్లని బట్టి చూస్తే, బహుశా మీ షాపు రేటబుల్ వాల్యూ (రేట్స్ లెక్క కోసం అధికారులు కట్టే ఏడాది అద్దె అంచనా) 24,000 పౌండ్లు, లెవీ అందులో నూటికి ఒకటిన్నర అయ్యుండాలి. వ్యాపార ఖర్చు కింద చూపించుకోవచ్చు, అకౌంటెంట్‌కి బిల్లు ఇవ్వండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఒరిగేదేమిటి అన్నది. ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే జవాబు తేలిక. 1970లో కెనడాలోని టొరంటోలో, బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వాళ్లు దీనికి మొదటి రూపం ఇచ్చారు. కొత్త మాల్స్ వచ్చి, వీధిలో ట్రామ్ పోయి కింద మెట్రో వచ్చాక జనం తగ్గిపోయారు. దీపాలు పెట్టాలి, బెంచీలు వేయాలి, ప్రచారం చేయాలి అన్నారు. స్వచ్ఛందంగా వసూలు చేస్తే ఎప్పుడూ ఒకటే కథ: నలుగురు ఇస్తారు, నలభై మంది బాగుపడతారు, మరుసటి ఏడు ఆ నలుగురూ మానేస్తారు. అందుకే అందరూ కట్టేలా చట్టం అడిగారు. ఇంగ్లండ్‌లోనూ టౌన్ సెంటర్ మేనేజ్‌మెంట్ పేరుతో విరాళాల మీద నడిపి, అదే చిక్కు ఎదురయ్యాకే ఈ దారికి వచ్చారు. ఇక్కడ మొదటిది కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్‌లో, 2005 జనవరిలో మొదలైంది. ఇప్పుడు బ్రిటన్ మొత్తం మీద మూడు వందలకి పైగా ఉన్నాయి.

మీ వీధిలో దీని రూపం ఎలా ఉంటుందంటే, సాయంత్రం నాలుగింటికి మందుల షాపులోంచి ఒకడు పెర్‌ఫ్యూమ్ సీసాలు జేబులో వేసుకుని బయటపడ్డాడు. ఆ షాపు అమ్మాయి, వీధిలోని షాపులన్నిటినీ కలిపే బిడ్ వాకీటాకీలో “నల్ల జాకెట్, ఎర్ర టోపీ, స్టేషన్ వైపు” అంటుంది. వాడు మీ దాకా వచ్చేసరికి కౌంటర్ దగ్గర మీ ఆవిడ కన్ను గల్లాపెట్టె మీదే ఉంటుంది, బిడ్ డబ్బుతో పెట్టుకున్న కాపలా మనిషి (బిడ్ రేంజర్) వీధి మలుపులో నిలబడి ఉంటాడు. ఒక్క షాపు ఆ వాకీటాకీ కొనుక్కుంటే ఎందుకూ పనికిరాదు. వీధంతా కొనుక్కుంటేనే దానికి విలువ. అందరి డబ్బూ ఒకచోట చేరితేనే అయ్యే పనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

మీలాంటి వంట వ్యాపారానికి ఇంకో లాభం చెత్త దగ్గర ఉంది. వ్యాపారపు చెత్తని కౌన్సిల్ ఉచితంగా తీసుకెళ్లదు కదా, మీరు కాంట్రాక్టు పెట్టుకునే ఉంటారు. చాలా బిడ్‌లు సభ్యులందరి తరఫునా ఒకే కంపెనీతో బేరమాడి రేటు తగ్గిస్తాయి. మీ బిడ్‌లో అలాంటిది ఉందో లేదో ఈ వారమే అడగండి. ఉంటే లెవీలో మంచి భాగం అక్కడే తిరిగి రావచ్చు. ఇవి కాక క్రిస్మస్ దీపాలు, శనివారం సంబరాలు, పూలబుట్టలు, జనం ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టే మీటర్లు. దీపావళికి వీధిలో కార్యక్రమం కావాలంటే అడగాల్సిందీ వీళ్లనే. పార్కింగ్ ధరల మీద కౌన్సిల్‌తో కొట్లాడేటప్పుడు మీరొక్కరూ రాసిన ఉత్తరం కంటే బిడ్ మేనేజర్ మాటకి బరువెక్కువ.

అన్ని బిడ్‌లూ బాగా నడుస్తాయని నేను అనను. జీతాలకీ ఆఫీసుకీ పోగా పూలబుట్టలకే మిగిలిన బిడ్‌లూ ఉన్నాయి. వీధులు ఊడ్చడం కౌన్సిల్ పని కాదా అని మీరడిగింది అందుకే సరైన ప్రశ్న. లెవీ డబ్బు కౌన్సిల్ ఎలాగూ చేయాల్సిన పనికి బదులుగా పోకూడదు, దానికి అదనంగా ఉండాలి. అందుకే బిడ్ ప్రతిపాదనలో, కౌన్సిల్ అప్పటికే అందిస్తున్న సేవలేమిటో ‘బేస్‌లైన్’ పేరుతో రాయాలని నిబంధన పెట్టారు. వారానికి ఎన్నిసార్లు ఊడుస్తారు, డబ్బాలు ఎప్పుడు ఖాళీ చేస్తారు అన్నది అందులో ఉంటుంది. ఆ కాగితం సంపాదించి చేతిలో పెట్టుకోండి. బిడ్‌ని నడిపే కంపెనీ ప్రైవేటు సంస్థ, ఇక్కడి సమాచార హక్కు చట్టం సాధారణంగా దానికి వర్తించదు. కౌన్సిల్‌కి వర్తిస్తుంది. బేస్‌లైన్, బిడ్‌తో చేసుకున్న ఆపరేటింగ్ అగ్రిమెంట్, లెవీ కోసం విడిగా ఉంచాల్సిన ‘బిడ్ రెవెన్యూ అకౌంట్’ లెక్కలు కావాలని ఒక ఈమెయిల్ పెడితే, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. బేస్‌లైన్‌కి ఒక పరిమితి ఉందని కూడా చెప్పాలి. ఊరంతటా సేవలు తగ్గిస్తే మీ వీధిలోనూ తగ్గించకుండా అది ఆపలేకపోవచ్చు. “ఇక్కడ బిడ్ ఉంది కదా” అని మీ వీధినొక్కదాన్నే వదిలేస్తే మాత్రం పట్టుకోవడానికి అదే మీ చేతిలోని పిలక.

బిడ్ గడువు అయిదేళ్లకి మించదు. తర్వాత కొనసాగాలంటే మళ్లీ ఓటింగ్ తప్పదు, మీకు అది మూడేళ్లలో వస్తుంది. గెలవాలంటే రెండు తాళాలూ తెరుచుకోవాలి. పోలైన ఓట్లలో మెజారిటీ రావాలి, ఆ ఓట్ల వెనకున్న రేటబుల్ వాల్యూ మొత్తంలోనూ మెజారిటీ రావాలి. దీంతో పెద్ద స్టోర్లు చిన్న షాపుల మీద గానీ, చిన్నవాళ్లు కలిసి పెద్దవాళ్ల మీద గానీ రుద్దడం కుదరదు. స్కాట్లాండ్‌లో కనీసం నూటికి 25 మంది ఓటు వేయాలన్న షరతుంది. ఇంగ్లండ్‌లో అదీ లేదు, అందుకని ఇక్కడ ఒక్కో ఓటుకి బలమెక్కువ. ఓటింగ్‌లో తీవ్రమైన అవకతవక జరిగితే, ఓటర్లలో నూటికి అయిదుగురైనా కలిసి 28 రోజుల్లోపు మంత్రిత్వ శాఖకి అప్పీలు చేసుకోవచ్చు. మొన్నటి ఓటింగ్ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఈలోగా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. చాలా బిడ్ కంపెనీల్లో లెవీ కట్టేవాళ్లు పైసా ఖర్చు లేకుండా సభ్యులు కావచ్చు, వార్షిక సమావేశంలో ప్రశ్నించవచ్చు, బోర్డుకి నిలబడవచ్చు. బోర్డుల్లో తిండి షాపుల వాళ్లకి చోటుండే అవకాశం ఉంది, అడిగేవాళ్లే తక్కువ. కంపెనీ జమాఖర్చులు కంపెనీలని రిజిస్టర్ చేసే ప్రభుత్వ కార్యాలయం ‘కంపెనీస్ హౌస్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఇంకొక చిన్న జాగ్రత్త. బ్యాలెట్ పోస్టులో వస్తుంది. కౌన్సిల్ రికార్డులో పాత అద్దెదారు పేరో, మీ అకౌంటెంట్ అడ్రసో ఉంటే అది మీ కంటపడకుండానే ప్రకటన కాగితాలతో చెత్తబుట్టలోకి పోతుంది. మీ కంపెనీ తరఫున ఓటు వేసే మనిషి పేరు, అడ్రసు రాసి కౌన్సిల్ బిజినెస్ రేట్స్ విభాగానికి ఇప్పుడే పంపండి. ఆ సమయానికి ఇండియాలో ఉంటామనుకుంటే ప్రాక్సీని పెట్టుకోవచ్చు, అందుకో ఫారం ఉంటుంది.