రేడియేషన్ మెషిన్ వెనక లెక్కలు వేసేవాళ్ళలో చేరాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమ్మకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచారు, ఇప్పుడు 15 సిట్టింగ్స్ రేడియేషన్. పక్కింటి ఆంటీకి ఇదివరకు 25 ఇచ్చారట. ఈ లెక్కలు వేసేది ఎవరు? బైపీసీ లేకుండా ఆ పనిలోకి వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళొచ్చమ్మా, అసలు దానికి ఎంపీసీయే కరెక్ట్.

ముందు అమ్మ సంగతి. 25 అంటే పాత పద్ధతి, రోజుకి 2 గ్రే (రేడియేషన్ డోసుని కొలిచే యూనిట్) చొప్పున ఐదు వారాల్లో 50 గ్రే. 15 అంటే మామూలుగా మూడు వారాల్లో 40 గ్రే. రోజు డోసు కాస్త పెరుగుతుంది, మొత్తం తగ్గుతుంది, అయినా జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో ఇది తీసిపోదని బ్రిటన్ ట్రయల్స్‌లో తేలింది కాబట్టి తక్కువిస్తున్నారని టెన్షన్ వద్దు. 2020లో ఫలితాలొచ్చిన ఫాస్ట్ ఫార్వర్డ్ ట్రయల్‌లో ఐదు సిట్టింగ్స్‌లో 26 గ్రేతోనే సరిపెట్టారు. కొందరికి గడ్డ తీసిన చోట బూస్ట్, అంటే అదనపు డోసు ఇస్తారు, రిస్క్ తక్కువున్న కొందరికి ఆ భాగం వరకే ఇస్తారు. ఎవరికి ఏదన్నది రేడియేషన్ ఆంకాలజిస్ట్ తేలుస్తారు, దానికి ఎంబీబీఎస్, ఎండీ కావాలి.

ఆ డోసు గుండెకీ ఊపిరితిత్తులకీ వీలైనంత తక్కువ తగిలేలా ప్లాన్ వేసేది, మెషిన్ చెప్పినంతే ఇస్తోందా అని కొలిచి చూసేది మెడికల్ ఫిజిసిస్ట్. నువ్వు అడిగింది ఈ ఉద్యోగమే. రోజూ అమ్మని టేబుల్ మీద సరిగ్గా పడుకోబెట్టి, ఎడమవైపైతే ఒక్కోసారి ఊపిరి బిగబట్టించి, మెషిన్ నడిపేవాళ్ళు టెక్నాలజిస్టులు. అదీ మంచి పనే, ఇంటర్ తర్వాత బీఎస్సీ రేడియోథెరపీ టెక్నాలజీ చేస్తే చాలు. కానీ తొందరగా ఉద్యోగం వస్తుందని అందులో చేరి, తర్వాత ఫిజిసిస్ట్ అవుదామంటే కష్టం, ఇక్కడే చాలామంది పిల్లలు ఇరుక్కుపోతారు.

నీ దారి ఇది: ఫిజిక్స్ మెయిన్ సబ్జెక్ట్‌గా బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్, తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా (ముంబైలో బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం ఇచ్చే ఏడాది కోర్సుకి మంచి పేరు), ఆపైన రేడియోథెరపీ ఉన్న ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్. నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ కూడా ఉంది, ఫీజు కట్టే ముందు అది ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ బోర్డు) అర్హతలకి సరిపోతుందో లేదో చూసుకో, కాలేజీ వాళ్ళు చెప్పింది నమ్మకు. ఇంట్లో బీటెక్ అంటారేమో, అది ఈ దారి కాదని ఇప్పుడే చెప్పెయ్.

ఇంటర్ తర్వాత కనీసం ఏడేళ్ళు పడుతుంది, ఉద్యోగాలూ ఊరూరా ఉండవు. రేడియేషన్ మెషిన్ ఉన్న చోటే, అంటే హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రులు, పెద్ద ప్రైవేటువి. అమ్మకి ఇంకా సిట్టింగ్స్ ఉన్నాయిగా, అక్కడి ఫిజిసిస్ట్‌ని పది నిమిషాలు అడిగి ప్లాన్ ఎలా వేస్తారో స్క్రీన్ మీద చూడు. ఆసక్తి అలాగే ఉంటే బీఎస్సీకి అప్లై చెయ్.