పకోడీ బండి ఉండగా కేఎఫ్‌సీకి వెళ్లాలా?

మీ వీధి చివరే చికెన్ పకోడీ బండి ఉండగా ఇంటిల్లిపాదీ కేఎఫ్‌సీకి వెళ్లి అంత డబ్బు పెట్టడం అవసరమా అని అడిగారు. వెళ్లండి, కానీ అక్కడే కూర్చుని, ఎముక ఉన్న ముక్కలే తినండి. పార్సిల్ తెచ్చుకోవడమో, బర్గర్‌తో సరిపెట్టుకోవడమో అయితే మాత్రం ఆ బండి దగ్గర ఆగిపోవడమే మేలు.

అసలు ఆ రెండూ ఒకే రకం వంట కాదండీ. బండి మీద ముక్క చిన్నది, రుచంతా పైనే ఉంటుంది: అల్లం వెల్లుల్లి, కారం, నూనెలో చిటపటలాడిన కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, చివర్లో పిండిన నిమ్మకాయ. అది నాకు చాలా ఇష్టం, దాన్ని కేఎఫ్‌సీ ఎప్పటికీ ఇవ్వలేదు. కానీ అరచేయంత తై (తొడ) ముక్కను అదే మూకుట్లో, అదే మంట మీద వేయిస్తే పైన మాడిపోతుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది, ఉప్పు కూడా లోపలికి దిగదు. కేఎఫ్‌సీ పనితనం కనబడేది ఆ పెద్ద ముక్కలోనే.

మా నాన్న కోడి అంటే ఇంట్లో పెట్టిన పులుసూ వేపుడే అనుకునే మనిషి. ఓసారి తీసుకెళ్తే తై ముక్క చేతిలోకి తీసుకుని, పైన కరకరలాడే పొరంతా ఒలిచి ప్లేట్లో ఓ పక్కన పెట్టి, ముందు లోపలి మాంసం తిన్నారు. వేళ్ల మధ్య ఆవిరి వస్తోంది, నీరు కారుతోంది, అయినా ఎముక దగ్గర ఎక్కడా ఎరుపు లేదు. "ఉప్పు ఎముక దాకా పట్టిందిరా" అన్నారు. ఆ తర్వాతే ఒలిచిన పొరను కొంచెం కొంచెంగా విరుచుకుని తిన్నారు. నేనైతే రెండూ కలిపే తింటాను గానీ, ఆయన తిన్న తీరు చూశాకే అందులో అసలు సంగతి పైపొర కాదని గట్టిగా అనిపించింది.

కేఎఫ్‌సీలో ముక్కను ముందే ఉప్పు, మసాలా పట్టేలా నానబెడతారు. అక్కడ దొరికే హాట్ అండ్ క్రిస్పీ అనే కరకరలాడే రకానికి పిండిలో దొర్లించి, నీళ్లలో ముంచి, మళ్లీ పిండిలో దొర్లిస్తారు, పైన పొలుసుల్లా లేచేది అందుకే. అమెరికాలో ఎక్కువగా తినే ఒరిజినల్ రెసిపీ వేరు, అది మూత బిగించిన ప్రెషర్ ఫ్రయర్‌లో వేగుతుంది, పొర పలచగా ఉంటుంది. కెంటకీ రాష్ట్రంలోని కార్బిన్ అనే ఊళ్లో 1930లో పెట్రోల్ బంకు దగ్గర భోజనం పెట్టడం మొదలెట్టిన, తర్వాత కేఎఫ్‌సీ స్థాపించిన హార్లాండ్ శాండర్స్‌కు పెనం మీద చికెన్ వేగేసరికి అరగంట పట్టేది, దారినపోయే జనం అంతసేపు ఆగరు కదా. 1939లో ప్రెషర్ కుక్కర్ చేతికొచ్చాక ఆ బాధ తీరింది. మన పప్పు కుక్కర్‌లో మాత్రం నూనె పోసి ఇది ఎవరూ చేయొద్దు, చాలా ప్రమాదం, నిజంగా చెబుతున్నాను.

మీరు వెళ్లే వేళ చాలా ముఖ్యం. సాయంత్రం ఏడు దాటాక జనం ఉన్నప్పుడు వెళ్తే నూనెలోంచి తీసినవి తీసినట్టే వస్తుంటాయి, అదే మధ్యాహ్నం మూడింటికో, కార్తీకమాసంలో ఖాళీగా ఉన్నప్పుడో వెళ్తే వేడిపెట్టెలో కాసేపటి నుంచీ ఉన్న ముక్కలు రావచ్చు. అప్పుడు కౌంటర్‌లో ఉన్న అబ్బాయితో "ఇప్పుడు వేస్తున్నవి ఉంటే ఇవ్వు బాబూ, పదిహేను నిమిషాలు ఆగుతాం" అని మామూలుగా అడగండి. నేను అడిగిన చోట్ల ఎవరూ విసుక్కోలేదు. బకెట్ అనే పెద్ద డబ్బాలో రకరకాల ముక్కలు కలిపి వేస్తారు కాబట్టి లెగ్, తై ఎక్కువ కావాలంటే ముందే చెప్పాలి, కుదిరితే ఇస్తారు. బ్రెస్ట్ ముక్క చూడ్డానికి పెద్దదే గానీ చల్లారితే పీచులా అయిపోతుంది, దాన్ని ముందు తినేయండి.

కారం విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మిరియాల ఘాటు ఉంటుంది గానీ మన గుంటూరు మిరపకాయ మంట ఉండదు. హాట్ వింగ్స్ కొంచెం నయం. చిన్నపిల్లలుంటే వాళ్లకు హాట్ వింగ్స్ కాకుండా ఎముక లేని స్ట్రిప్స్ ఇప్పించండి. ఇక ఖర్చు మాటకొస్తే, ఒక బకెట్ డబ్బుతో ఇంట్లో కోడి కూర నలుగురికి రెండు పూటలకు సరిపడా వండొచ్చు, అది వాస్తవం, అందుకే నెలనెలా వెళ్లమని నేను చెప్పను. వెళ్లేదేదో బుధవారం వెళ్లండి, ఆ రోజు బకెట్ మీద తరచూ ఆఫర్ ఉంటుంది. కూల్‌డ్రింకూ ఫ్రైసూ కలిపిన కాంబోల జోలికి పోకుండా ఉత్త చికెనే తీసుకుంటే పెట్టిన డబ్బు చికెన్‌కే పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు కదల్లేక పార్సిల్ తేవాల్సి వస్తే డబ్బా మూత బిగించకండి. లోపలి ఆవిరికి పైపొర పదినిమిషాల్లో మెత్తబడిపోతుంది. మూత కొంచెం తెరిచి పట్టుకురండి, ఇంటికొచ్చాక మైక్రోవేవ్‌లో కాకుండా ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో వేడి చేయండి. అక్కడ తిన్నంత బాగుండదు గానీ తినేలా ఉంటుంది, పక్కన ఉల్లిపాయ, నిమ్మకాయ కూడా కోసుకోవచ్చు.