కళ్లు మూసుకుంటే ఆలోచనలు ఇంకా ఎక్కువవుతున్నాయి, ఈ శ్వాస సాధన నాకు పనికొస్తుందా?

మీరు రెండు అడిగారు. శ్వాసను గమనిద్దామని కూర్చుంటే మనసు నిలవడం లేదు, అయినా చేయాలా అన్నది ఒకటి. ఉద్యోగం, పిల్లలు, వంట, వీటి మధ్య అరగంట ఎక్కడ దొరుకుతుంది అన్నది రెండోది. చేయండి. అరగంట అక్కర్లేదు. ఇలా ఎందుకు చెప్తున్నానో నా అనుభవం నుంచే రాస్తాను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకును కమిషన్ మీద అమ్మించే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు చూస్తాను. మిర్చి సీజన్ ఎట్లా ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. తెల్లారకముందే బస్తాలు దిగుతాయి, జెండా పాటలో, అంటే పొద్దున జరిగే తొలి వేలంలో, ఒక రేటు పలికితే తన సరుకుకు ఇంకో రేటు వచ్చిందని రైతుకు బాధ, తేమ ఉందని ఖరీదుదారు పేచీ, కాంటా దగ్గర హమాలీల తొందర, ఇవన్నీ దాటుకుని తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క కాగితం, రాసే నా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి అందరి కోపం అక్కడే పోగవుతుంది. ఏడాదంతా చేను చూసుకున్న మనిషి ఆ కాగితం చూసి "ఇంతేనా?" అని అడిగితే నా గుండె కూడా దడదడలాడేది. ఇంటికి వచ్చినా ఆ దడ పోయేది కాదు. అన్నం ముందు కూర్చున్నా దవడ బిగుసుకునే ఉండేది. బీపీ కొంచెం ఎక్కువుందని మందు రాసిన డాక్టరు గారే, ఊపిరి వదిలేటప్పుడు నెమ్మదిగా వదలడం అలవాటు చేసుకోండి అన్నారు. పీల్చడం గురించి ఏమీ చెప్పలేదు, వదలడం గురించే చెప్పారు. నాకు బాగా పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

దాని వెనక ఉన్న సంగతి ఇదీ. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీస్తూ చూడండి, చాలామందికి ఆ తేడా వేలికే తెలుస్తుంది. గుండెను నిదానం చేసే వేగస్ అనే నరం పని వదిలేటప్పుడు ఎక్కువగా సాగుతుంది. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, టెన్షన్‌లో ఇంకా ఎక్కువ, అదీ ఛాతీ పైభాగంతోనే. దాన్ని నిమిషానికి 6 దగ్గరికి తెస్తే గుండె కొట్టుకోవడం, బీపీ హెచ్చుతగ్గులు శ్వాసతో కలిసి ఒక లయలో పడతాయి. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇటలీ పరిశోధకులు గమనించింది నాకు చాలా ఇష్టం. క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివించినా, ఓం మణి పద్మే హుం అనిపించినా, ఊపిరి నిమిషానికి 6 సార్ల దగ్గరికే వచ్చిందట. మన దగ్గర సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర గంటలకొద్దీ వంగుతూ లేస్తూ పాడే ఆడవాళ్ల ముఖాలు చూడండి, ఎంత అలసినా తేటగా ఉంటాయి. పాడటమంటే ఊపిరిని పొడుగ్గా వదలడమే కదా. దీన్ని ఎవరైనా కొలిచారని కాదు, నాకు అలా అనిపిస్తుంది, మా అమ్మను చూశాక ఇంకా గట్టిగా అనిపిస్తుంది.

చేసే పద్ధతి చిన్నదే. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చండి, 6 అంకెలు లెక్కపెట్టేంత సేపు వదలండి. అంకెకు ఒక సెకను అనుకుంటే నిమిషానికి సరిగ్గా 6 ఊపిరులు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే అది లేస్తోందో లేదో తెలుస్తుంది. 6 వరకు రాకపోతే 5 చాలు, వదలడం మాత్రం పీల్చడం కన్నా పొడుగ్గా ఉండాలి. లాగి లాగి పీల్చకండి. బలంగా, వేగంగా పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాన్ని ఏదో శక్తి అనుకుని భయపడేవాళ్లు, సంబరపడేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. బాగా కంగారుగా ఉన్నప్పుడు ముక్కుతో ఒకసారి పీల్చి, వదలకుండానే పైన ఇంకొంచెం పీల్చి, నోటితో నిదానంగా వదిలే పద్ధతి ఇంకోటి ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో వెలువరించిన అధ్యయనంలో రోజుకు 5 నిమిషాల చొప్పున 28 రోజులు ఇది చేసినవాళ్లలో ఉత్సాహం మెరుగుపడింది, ఊరికే శ్వాసను గమనించినవాళ్ల కన్నా కూడా.

టైం సంగతికొస్తే, దీన్ని ఉన్న పనులకే తగిలించండి. మార్కెట్‌లో తేజ రకం మిర్చి ఘాటులో నిలబడి నిండా గాలి పీలిస్తే దగ్గు తప్ప ఏమీ రాదు, అందుకని నేను బండి స్టార్ట్ చేసే ముందు గేటు బయట చేస్తాను, ఇంటి ముందు బండి ఆపాక లోపలికి వెళ్లకముందు ఇంకోసారి. మీకైతే కుక్కర్ విజిల్ వచ్చే లోపల, బస్సులో, కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం చూస్తూ, ఎక్కడైనా కుదురుతుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఇక కదలకుండా కూర్చోవడం. మీరు అసలు అడిగింది ఇదే అనుకుంటా. ఆలోచనలు కొత్తగా పెరగడం లేదండీ, రోజంతా ఉన్నవే, మీరు ఆగారు కాబట్టి కనిపిస్తున్నాయి. పాత కాంటా మీద బస్తా పెట్టగానే ముల్లు ఊగుతుంది, చేత్తో పట్టి ఆపితే తూకం తప్పు వస్తుంది, ఊగనిస్తే అదే నిలబడుతుంది. మనసును పట్టి ఆపకండి. శరీరాన్ని మాత్రం కదలనివ్వకండి. దురద పుడుతుంది, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, ఎప్పుడో ఎవరో అన్న మాట గుర్తొస్తుంది. గుర్తొచ్చిందని తెలియగానే మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. అలా వంద సార్లు పోయి వంద సార్లు తిరిగొస్తే అదే సాధన, మధ్యలో నిశ్శబ్దం దొరకలేదని నిరాశపడొద్దు. కళ్లు మూసుకుంటే భయమేస్తే తెరిచే ఉంచండి. నేను వీలైనప్పుడు పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద కళ్లు తెరుచుకునే కూర్చుంటాను.

దీనివల్ల మిర్చి రేటు మారలేదు, ఎదుటి మనిషి కోపం కూడా తగ్గలేదు. మారింది నేను వినే తీరు. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా ఆగగలుగుతున్నాను, డబ్బులో కోతలు దేనికి పడ్డాయో గొంతు పెంచకుండా వివరించగలుగుతున్నాను, ఇంట్లో కూడా అంతే. అంతకు మించి దీని మీద బరువు వేయకూడదని నా అభిప్రాయం. అప్పుల్లో కూరుకుపోయిన రైతుకు ధ్యానం చెయ్యి అని సలహా ఇవ్వడం అన్యాయం, ఆయనకు కావాల్సింది ధర. నిద్ర పూర్తిగా పోయి, బతకాలని లేదు అనే దాకా వచ్చినవాళ్లకు కూడా శ్వాస ఒక్కటే చాలదు, 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

బీపీ మందు మానకండి, నేనూ మానలేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి లాంటివి వీడియోలు చూసి మొదలుపెట్టొద్దు. ఉబ్బసం ఉంటే ముందు డాక్టరును అడగండి. ఇంకా లోతుగా నేర్చుకోవాలనిపిస్తే గోయెంకా గారు నేర్పిన విపశ్యన అనే ధ్యాన పద్ధతిలో 10 రోజుల శిబిరాలు హైదరాబాద్‌లోనూ నిజామాబాద్ దగ్గరా జరుగుతాయి. ఫీజు ఉండదు, ఫోన్ ఉండదు, తోటివాళ్లతో మాటలుండవు, మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే పని. మా వదిన వెళ్లొచ్చింది, ఆమెకు మేలు జరిగింది, కానీ ఇంట్లో రోజూ పది నిమిషాలు కూర్చునే అలవాటు ముందే ఉండబట్టి తట్టుకోగలిగానని ఆమే చెప్తుంది. కాబట్టి మీరు ముందు ఇంటి దగ్గరే మొదలుపెట్టండి, శిబిరం సంగతి తర్వాత చూసుకోవచ్చు.