తిరుపతిలో ఫోన్లు, టీవీలు తయారవుతున్నాయి కదా, వాటిలోని చిప్‌లూ ఇక్కడివేనా?

కావు, రేణిగుంట చుట్టుపక్కల, శ్రీసిటీలో జరిగేది ఎక్కువగా బిగింపు పనే. చిప్‌లు చాలావరకు విదేశాల నుంచి, రీలుకు చుట్టిన టేపుల్లో వస్తాయి. మెషిన్ ఆ నల్లటి ముక్కల్ని ఒక్కొక్కటే పీల్చి సర్క్యూట్ బోర్డు మీద పెడుతుంది. బోర్డు ఓవెన్‌లోంచి వెళ్లేటప్పుడు టంకం కరిగి అవి అతుక్కుంటాయి.

చిప్‌ను సిలికాన్ పలక మీద రూపొందించే ఫ్యాబ్ కథ పూర్తిగా వేరు. దుమ్ము రేణువు పడని గదులు, అతి శుద్ధమైన నీరు, రెప్పపాటు కూడా పోని కరెంటు ఉండాలి. పైగా వేల కోట్లు పోసి లాభం కోసం ఏళ్ల తరబడి ఆగాలి. ప్రభుత్వం భుజం కలపకపోతే సొంత డబ్బుతో ఇంత సాహసం చేసేవాళ్లు అరుదు. అందుకే కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల పథకం తెచ్చింది. ఫ్యాబ్ ఖర్చులో సగం తనే భరిస్తుంది. 2024 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన గుజరాత్‌లోని ధోలేరా ఫ్యాబ్‌నే చూడండి. టాటా సంస్థ తైవాన్‌కు చెందిన చిప్ తయారీ సంస్థ పీఎస్‌ఎంసీతో కలిసి పెడుతున్న దీని అంచనా దాదాపు 91,000 కోట్లు.

సగం సొమ్ము ముందే కంపెనీ చేతికి ఇచ్చేస్తారని చాలామంది అనుకుంటారు. అలా కాదు, కంపెనీ తన వాటా ఖర్చు పెట్టేకొద్దీ అదే దామాషాలో విడుదలవుతుంది. ఇదే పథకం కింద 2025 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రం ఆమోదించిన యూనిట్ మాత్రం ఫ్యాబ్ కాదు, చిప్‌లకు తొడుగు వేసే ప్యాకేజింగ్ యూనిట్.